పోలో అంటే బంతి: లేహ్ నుంచి తుర్తుక్, ద్రాస్ దాకా

పోలో అన్న మాట మా ఇంట్లోకి ఆటగా రాలేదు. మా అమ్మమ్మది సూర్యాపేట దగ్గర, విజయవాడ రోడ్డు మీది పల్లె. 1948 సెప్టెంబరులో విజయవాడ వైపు నుంచి వచ్చిన సైన్యం లారీలు తమ ఊరి ముందు నుంచి బారులు కట్టి పోవడం ఆమె కళ్లారా చూసింది. బతికినన్నాళ్లూ ఆమె దాన్ని ‘పోలీసు యాక్షన్’ అనే అంది. దానికి సైన్యం పెట్టుకున్న పేరు ‘ఆపరేషన్ పోలో’ అని నేను కాలేజీలో చదువుకుని వచ్చి చెబితే, “పోలో అంటే ఏందే?” అని అడిగింది. గుర్రాల మీద ఆడే ఆట అన్నాను. హైదరాబాద్‌లో పోలో మైదానాలు చాలా ఉండేవి కాబట్టి ఆ పేరు పెట్టారని రాస్తుంటారని కూడా చెప్పాను. “ఆట సరే, ఆ మాటకు అర్థమేంది?” అంది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు దొరికేసరికి అమ్మమ్మ లేదు. బల్తీ భాషలో పోలో అంటే బంతి అని చాలా ఏళ్ల తర్వాత ఒక నిఘంటువులో చదివాను. బల్తీ మాట్లాడే నేలలో ఎక్కువ భాగం, స్కర్దూ పట్టణంతో సహా, నియంత్రణ రేఖకు అవతల పాకిస్తాన్ అధీనంలో ఉంది. ఇవతల మనవైపు, లదాఖ్‌లో, మిగిలిన కొద్ది బల్తీ ఊళ్లలో తుర్తుక్ ఒకటి. ఆ మాటను పుట్టింట్లోనే వినాలని నేనూ తమ్ముడూ ఈ సెప్టెంబరు మొదటి వారంలో బయలుదేరాం.

లేహ్, సెప్టెంబరు 4, 5

లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది కనుక మొదటి రెండు రోజులూ మెట్లు ఎక్కవద్దని, వేడినీళ్లు తాగుతూ కూర్చోమని ఇంటావిడ గట్టిగా చెప్పింది. ఆమెకు అరవై దాటి ఉంటాయి. వీధిలో వాళ్లందరూ ఆమెను ‘ఆమా-లే’ అని పిలుస్తున్నారు. పేరు చివరా చుట్టరికం చివరా చేర్చే ఆ ‘లే’ మన ‘గారు’ లాంటిదని అర్థం కావడానికి పూట పట్టలేదు. తమ్ముడు కూడా ఆమెను ఆమా-లే అనడం మొదలుపెట్టాక ఉదయం పూట ఖంబీర్ రొట్టె ఒకటికి రెండు వచ్చాయి. గోధుమపిండిని పులియబెట్టి చేసే ఆ మందపాటి రొట్టెను ఉప్పూ వెన్నా వేసి చిలికిన గుర్‌గుర్ చాయ్‌లో ముంచుకుని తింటారు. చాయ్ అనుకుని తాగితే నాలుక ఒప్పుకోదు, చారు అనుకుని తాగితే హాయిగా ఉంటుంది.

రెండో రోజు సాయంత్రం సందులో పిల్లలు రబ్బరు బంతితో ఆడుతుంటే అది గోడ దాటి మా ముంగిట్లో పడింది. ఒక పాప తలుపు తట్టి ఆమా-లేతో ఏదో చెప్పింది. అందులో నాకు తెలిసిన మాట ఒక్కటే, పోలో. లదాఖీ కూడా బల్తీకి చుట్టమే, రెండూ టిబెటన్ కుటుంబానివే. తుర్తుక్ దాకా పోయి వినాలనుకున్న మాట, దగ్గుతూ కంబళి కప్పుకుని కూర్చున్న చోటికే వచ్చింది. పాప మనలా మొదటి అక్షరాన్ని సాగదీయలేదు, కురచగా, మెత్తగా పలికింది.

ఆటకూ లేహ్‌కూ ఉన్న సంబంధం వెనుక ఒక ఓటమి, ఒక పెళ్లి ఉన్నాయి. లదాఖ్ రాజు జమ్‌యంగ్ నంగ్యాల్ స్కర్దూ పాలకుడు అలీ షేర్ ఖాన్ అంచన్ చేతిలో ఓడి బందీ అయ్యాడు, తర్వాత బల్తీ రాకుమారి గ్యాల్ ఖాతూన్‌ను పెళ్లి చేసుకుని వచ్చాడు. వారి కొడుకు సెంగ్గే నంగ్యాలే నేటికీ ఊరి నెత్తిన నిలిచి ఉన్న లేహ్ కోటను కట్టించినవాడు. ఆ బల్తీ పెళ్లికూతురి వెంట వచ్చిన అరణంలో పోలో కూడా ఒకటని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

చుషోత్, సెప్టెంబరు 6

లేహ్‌కు దిగువన సింధు నది ఒడ్డున పొడుగ్గా సాగే ఊరు చుషోత్. పూర్వం బల్తిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి, గుర్రాలకూ పోలోకూ పేరున్న ఊరు. సాయంత్రం నాలుగింటికి సాధన ఆట ఉందని తెలిసి, 1,400 రూపాయలకు కారు మాట్లాడుకుని వెళ్లాం. అక్కడే దారి తప్పాం. చుషోత్ ఒకటి కాదు, మూడు: గోంగ్మా, యోక్మా, షమ్మా. గోంగ్మా అంటే పైది, యోక్మా అంటే కిందిది. మేము వెళ్లవలసింది పైదానికి, దిగింది కిందిదాంట్లో. కారు పంపేశాక ఆ సంగతి తెలిసింది. మన పల్లెల్లో ఎగువ, దిగువ అని ఊరు పేరుకు ముందు చేర్చినట్టే వీళ్లు వెనక చేర్చారు. బార్లీ కోతలు ముగిసిన పొలాల పక్కగా గంటకు పైగా నడిచాం. ఒక ట్రాక్టరు మనిషి మమ్మల్ని ఎక్కించుకుని మైదానం దగ్గర దించాడు. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మైదానం అంటే పచ్చగడ్డి కాదు, గట్టిపడిన మట్టి. ఇక్కడ జట్టుకు ఆరుగురు, అంతర్జాతీయ పోలోలోలా నలుగురు కాదు. గుర్రాలు పొట్టివి, మెడ మీద జూలు దట్టంగా ఉన్న జంస్కారీ జాతివి. ఆట మొదలయ్యేముందే గట్టు మీద ముగ్గురు వాద్యకారులు కూర్చున్నారు. జంట డప్పుల్లాంటి దమన్ ఒకరి ముందు, మన సన్నాయికి దగ్గరి చుట్టమైన సుర్నా మిగతా ఇద్దరి చేతుల్లో ఉన్నాయి. గోల్ పడిన ప్రతిసారీ వాద్యం ఉప్పెనలా లేచేది. గోల్ కొట్టిన రౌతు బంతిని చేతిలోకి తీసుకుని, గుర్రాన్ని దౌడు తీయించి, మైదానం నడిమధ్యకు రాగానే బంతిని గాలిలోకి విసిరి, అది నేల తాకకముందే కర్రతో అవతలి గోల్ వైపు కొడతాడు. ఇక్కడ ఆట మళ్లీ మొదలయ్యేది అలాగే. నాలుగు కాళ్ల పరుగు మీద, ఎడమ చేతిలో కళ్లెంతో, ఆ బంతి మీద కన్ను నిలపడం ఎంత సాధనో ఊహించుకుంటే నాకు ఒళ్లు జలదరించింది.

నా పక్కన నిలుచున్న పెద్దాయన ఆట కంటే బంతిని ఎక్కువగా చూస్తున్నాడు. మైదానాన్ని ఏమంటారని హిందీలో అడిగాను. “షగరన్” అన్నాడు. “ఆటను?” అంటే, “పోలో” అన్నాడు. “మరి బంతిని?” అన్నాను. నా ప్రశ్న అర్థం కానట్టు చూసి, “అదే కదా పోలో” అన్నాడు.

ఖర్‌దుంగ్ లా దాటి హుందర్, సెప్టెంబరు 7

5,300 మీటర్లు దాటిన ఆ కనుమ దగ్గర ఫొటోల కోసం ఉన్న రద్దీలో పది నిమిషాలకు మించి నిలవలేకపోయాం. ఆ రోజు గుర్తుండేది కారులో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలకే. “అక్కా, మార్కో పోలోకూ దీనికీ సంబంధం ఉందా?” అని తమ్ముడు అడిగాడు. మన చరిత్ర పాఠాల్లో రుద్రమదేవి కాలం చెప్పేటప్పుడు మోటుపల్లి రేవుతో పాటు వచ్చే పేరు కనుక చాలామందికి ఈ అనుమానం సహజమే. సంబంధం లేదు. అది వెనిస్ వాళ్ల ఇంటిపేరు, పౌలు అన్న పేరుకు అక్కడి రూపం.

ఆటకు అసలు పాత పేరు చౌగాన్. పారశీక భాషలో అది వంపు తిరిగిన కర్రకు పేరు. కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో గుర్రం మీద నుంచి పడి చనిపోయింది ఈ చౌగాన్ ఆడుతూనే. అక్బరు చీకటి రాత్రుల్లో కూడా ఆడేవాడని, అందుకు మోదుగ కర్రతో చేసిన బంతికి నిప్పు పెట్టేవారని అబుల్ ఫజల్ రాశాడు. తేలిగ్గా ఉండి చాలాసేపు మండుతుందని మోదుగను ఎంచుకున్నారట. మన తెలంగాణ అడవుల్లో ఫాల్గుణంలో ఎర్రగా పూసే ఆ చెట్టు ఆగ్రా కోట దగ్గర నిప్పుబంతిగా దొర్లడం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

మణిపురీలు తమ ఆటను సగోల్ కాంగ్‌జై అంటారు, సగోల్ అంటే గుర్రం. పాకిస్తాన్‌లోని చిత్రాల్‌లో మాట్లాడే ఖోవార్ భాషలో ఇస్తోర్ ఘల్, అదీ గుర్రపు ఆటే. అంటే ఒకరు కర్ర పేరు పెట్టారు, ఇంకొకరు గుర్రాన్ని ముందు నిలిపారు. బల్తీలు మాత్రం అన్నిటికంటే చిన్నదైన, అందరూ వెంటపడే వస్తువు పేరే ఆటకూ పెట్టుకున్నారు. ఇందులో తెలివి ఉందని నాకు అనిపిస్తుంది. కర్ర విరిగితే ఇంకొకటి తెచ్చుకుంటారు, గుర్రం అలిస్తే మారుస్తారు, కానీ ఆ గంటసేపూ మైదానంలోని పన్నెండు మందినీ పన్నెండు గుర్రాలనూ లాక్కుపోయేది బంతి ఒక్కటే.

ఇంగ్లీషువాళ్లు ఈ ఆట నేర్చుకున్నది మణిపురీల దగ్గర. అస్సాం కచార్‌లోని తేయాకు తోటల దొరలూ సైనికాధికారులూ కలిసి 1859లో సిల్చార్‌లో క్లబ్బు పెట్టారు, తర్వాత ఆట కలకత్తాకు పాకింది. పేరు మాత్రం అక్కడిది రాలేదు. 1830లలో బల్తిస్తాన్ తిరిగిన విన్యే అనే ఇంగ్లీషు యాత్రికుడు కూడా ఈ ఆటను చూసి, పారశీక పేరుతో చౌగాన్ అనే రాశాడు. 1870ల ఆరంభానికి ఇంగ్లండు రాతల్లో పోలో కనబడుతుంది. ఆట ఈశాన్యపు కొండల నుంచీ, పేరు ఉత్తరాన సింధు లోయ నుంచీ ఓడెక్కి పోయాయి. మన చక్రం కూడా వాటి వెంట వెళ్లింది, ఆటలో ఒక అంకాన్ని నేటికీ ప్రపంచమంతా ‘చక్కర్’ అనే అంటారు.

తుర్తుక్, సెప్టెంబరు 8, 9

లేహ్ నుంచి మొత్తం రెండు వందల కిలోమీటర్ల దారి. ష్యోక్ నది పక్కన బూడిద రంగు కొండల మధ్య పోయి పోయి, ఒక మలుపు తిరగ్గానే ఒక్కసారిగా ఆకుపచ్చ ఎదురవుతుంది. ఊరు కొండవాలు మీద రెండు ముక్కలుగా ఉంటుంది, యూల్ ఒకవైపు, ఫరోల్ మరోవైపు, మధ్యలో ఏరు. ఇక్కడ వాహనాలు కిందే ఆగిపోతాయి. సంచులు భుజాన వేసుకుని రాళ్ల సందుల్లో ఎక్కాలి.

1971 డిసెంబరు యుద్ధం దాకా ఈ ఊరు పాకిస్తాన్ అధీనంలో ఉండేది. మేజర్ ఛెవాంగ్ రించెన్ నాయకత్వంలోని మన సైనికులు వచ్చిన రాత్రి తర్వాత ఊరివాళ్లు మరో దేశంలో నిద్ర లేచారు. ఆ వేళకు చదువుకో పనికో స్కర్దూ, ఖప్లూ వైపు వెళ్లి ఉన్నవాళ్లు అటే ఉండిపోయారు. పర్యాటకులను ఇక్కడికి 2010 నుంచే రానిస్తున్నారు. ఆడవాళ్లను అడగకుండా ఫొటో తీయవద్దని సందు మొదట్లోనే ఒక కుర్రవాడు మర్యాదగా చెప్పాడు. మేము ఫోన్లు సంచిలో పెట్టేశాం.

మాకు బస ఇచ్చిన ఇంట్లో మనిషికి రోజుకు 1,500 రూపాయలు, రెండు పూటలా భోజనం అందులోనే. డాబా మీద నేరేడు పండంత చుళీలు, అంటే ఆప్రికాట్లు, చాపల నిండా ఎండుతున్నాయి. ఇంటి కోడలు కిసిర్ పోసి పెట్టింది. కుట్టు (బక్‌వీట్) పిండిని జారుగా కలిపి పెనం మీద పోసే అట్టు అది. రంగు మన రాగి అట్టు రంగే, వాసన వేరు. దాంతో అక్రోటు పప్పూ ఆకులూ నూరి పెరుగులో కలిపిన పచ్చడి ఇచ్చింది. నేను నాలుగు తిన్నాను. వయసు వరుసన కూర్చోబెట్టి, పెద్దవాళ్లు మొదటి ముద్ద తీసుకునేదాకా పిల్లలు ఆగడం చూసి, మా ఇంట్లో ముప్పై ఏళ్ల కిందటి పంక్తి భోజనాలు గుర్తొచ్చాయి.

భోజనమయ్యాక ఆ ఇంటి ఆరేళ్ల మనవడు తమ్ముడి దగ్గరకు చేరాడు. తమ్ముడు వేసుకున్నది మనం పోలో టీషర్టు అనే రకం, మెడపట్టీ, రెండు గుండీలు, ఛాతీ మీద దారంతో కుట్టిన చిన్న బొమ్మ. పిల్లవాడు ఆ బొమ్మను వేలితో తడిమి, “ఘోడా” అన్నాడు. తర్వాత రౌతును చూపించాడు, ఎత్తిన కర్రను చూపించాడు. ఈ చొక్కాను మా ఊళ్లో పోలో అంటామని తమ్ముడు హిందీలో చెప్పాడు. పిల్లవాడు మొహం దగ్గరగా పెట్టి, ఆ బొమ్మ చుట్టూ, కింద, గుర్రం కాళ్ల మధ్య, వేలు పెట్టి వెతికాడు. చివరికి తలెత్తి అడిగాడు:

“పోలో ఎక్కడుంది?”

నిజమే. గుర్రముంది, మనిషి ఉన్నాడు, కర్ర ఉంది. బంతి లేదు. ఇన్నేళ్లుగా ఆ బొమ్మను బజార్లలో వేలసార్లు చూసి ఉంటాను, ఆ ఖాళీ నాకెప్పుడూ కనబడలేదు.

ఇంటి పెద్దాయన ఇదంతా విని నవ్వి లోపలికి వెళ్లాడు. తమ్ముడు ఆయనను ‘చాచా’ అంటున్నాడు. 1971లో ఆయనకు పద్దెనిమిదేళ్లు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పాత గుడ్డ మూట ఉంది. విప్పితే లోపల కొయ్య బంతి. విల్లో చెట్టు వేరును చెక్కి చేసిందట. అరచేతిలో పెట్టుకుంటే చిన్న బత్తాయి అంత ఉంది కానీ బరువు బత్తాయి బరువు కాదు. ఒక పక్క నునుపుగా, చేతి జిడ్డుకు నల్లబడి ఉంది. ఇంకో పక్కంతా కర్ర దెబ్బల సొట్టలు. ఒక సొట్ట లోతుగా, నా బొటనవేలి కొన పట్టేంత ఉంది. వేరు ముడి ఎందుకంటే, కాండంలో నారలు ఒకే దిశలో ఉంటాయి కాబట్టి దెబ్బకు నిలువునా చీలుతుంది, వేరులో నారలు మెలికలు తిరిగి ఉంటాయి కాబట్టి చీలదని ఆయన వేళ్లు పెనవేసి చూపించాడు. మణిపుర్‌లో వెదురు వేరుతో బంతి చేస్తారని చదివాను. రెండు మూలల ఉన్నవాళ్లకు అదే ఆలోచన వచ్చిందన్నమాట.

ఆ బంతి వాళ్ల నాన్నది. ఆయన గుర్రమెక్కి ఖప్లూ దాకా ఆడటానికి పోయేవాడు. “ఇప్పుడు ఆ దారి లేదు” అన్నాడు చాచా. వాళ్ల చిన్నాన్న పిల్లలు అక్కడే ఉన్నారు. ఫోనులో మొహాలు చూసుకుంటారు. నేను బంతిని తిరిగి ఆయన చేతికిచ్చి, ఒకసారి ఆ మాట అనమని అడిగాను. ఎందుకని అడగలేదు ఆయన. బంతి వైపు చూసి, “పోలో” అన్నాడు.

మరునాడు ఊరు తిరిగాం. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన యబ్గో వంశపువారి పాత ఇల్లు చూశాం, వేసవిలో మాంసమూ వెన్నా చెడిపోకుండా కొండ చల్లగాలి తగిలేలా రాళ్లతో కట్టుకున్న చిన్న గదులు చూశాం. ఎండు చుళీలు కిలో 600 రూపాయల చొప్పున రెండు కిలోలు కొన్నాం. కోడలు కొలిచాక ఇంకో దోసెడు వేసింది.

ద్రాస్, సెప్టెంబరు 12

తిరిగి లేహ్ మీదుగా కార్గిల్ చేరి, సూరూ నది చప్పుడు వింటూ ఒక రాత్రి గడిపి, మరునాడు అరవై కిలోమీటర్లు పడమరకు వెళ్లాం. ద్రాస్‌లో ఎక్కువమంది మాట్లాడేది షీనా. అది టిబెటన్ కుటుంబం కాదు, కశ్మీరీకి దగ్గరిది. వీళ్ల మాటలో ఆట పేరు ‘బుల’. నాకైతే అది బల్తీ మాటకు చెల్లెలిలాగే వినబడింది.

చలిగాలి కోస్తోంది. మైదానం ఒక పక్క గట్టు మీద జనంతో పాటు మేమూ కూర్చున్నాం. ప్లేటు కబాబులు 150 రూపాయలు, నేరుగా బొగ్గుల మీద నుంచి రొట్టెలోకి. ఆట చుషోత్ సాధన లాంటిది కాదు, మోటుగా, ఒకరినొకరు గుర్రాలతో నెట్టుకుంటూ సాగింది. రెండో సగంలో ఒక దెబ్బకు బంతి గట్టెక్కి మా కాళ్ల దగ్గర ఆగింది. తమ్ముడు తీశాడు. అప్పటికే ఒక రౌతు గట్టు దాకా వచ్చి, నురగలు కక్కుతున్న గుర్రాన్ని నిలిపి, వంగి అరచెయ్యి చాపాడు. తమ్ముడు ఇచ్చాడు. ఆ అబ్బాయి, ఇరవై ఏళ్లు ఉంటాయేమో, ఆ చేతినే గుండె మీద ఒకసారి ఆనించి వెనక్కి తిరిగాడు.

హైదరాబాద్, సెప్టెంబరు 17

సెలవు రోజు. నిన్న ఆటోలో ఇంటికి వస్తుంటే ఫతే మైదాన్ పక్కగా వచ్చాం. ఇప్పుడది లాల్ బహదూర్ స్టేడియం. ఆసఫ్‌జాహీల కాలంలో అదొక పోలో మైదానం.

తుర్తుక్ చుళీలను అమ్మ రాత్రే నానబెట్టింది. ఖుబానీ కా మీఠా చేయాలని తన పట్టుదల. పొద్దున ఆమె గింజలు తీస్తుంటే నేను రోకలితో ఒక్కొక్కటీ పగలగొట్టి లోపలి పప్పు వేరు చేస్తున్నాను. చాచా ఇంటి సంగతి, పిల్లవాడు వెతికిన సంగతి, కొయ్య బంతి సంగతి చెప్పాను. అమ్మమ్మ అడిగిన ప్రశ్న అమ్మకు గుర్తుందేమోనని అడిగాను.

“గుర్తుంది” అంది అమ్మ. “ఆ లారీలు పోయేటప్పుడు మా అమ్మ కడుపులో నేనున్న.”

తర్వాత ఇంకో గింజ నా వైపు జరిపింది.